గంటా పావు దూరంలో చెన్నై

2022, వర్షాకాలం చివరి రోజులు. విశాఖపట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌గా పనిచేస్తున్నాను. బ్రెయిన్ డెడ్ అయిన మనిషి కుటుంబంతో అవయవదానం గురించి మాట్లాడడం, వాళ్ళు ఒప్పుకుంటే ఆ అవయవాలు వేళకు చేరేలా చూడడం నా పని. బ్రెయిన్ డెడ్ అంటే మెదడు పూర్తిగా చనిపోయి, యంత్రం సాయంతో గుండె మాత్రం కొట్టుకుంటూ ఉండే స్థితి.

అప్పలరాజు పోర్టులో క్రేన్ ఆపరేటరు. డ్యూటీ దిగి మల్కాపురంలోని ఇంటికి వెళ్తుంటే వానలో బండి జారింది. తలకు దెబ్బ. డాక్టర్లు చేయగలిగిందంతా చేసి, ఇక లాభం లేదని చెప్పేశారు. నేను అడిగినప్పుడు ఆయన భార్య గౌరి ముందు ఐసీయూ తలుపు వైపు చూసింది. తర్వాత తల ఊపింది. కాలేయం, కిడ్నీలు ఊళ్ళోనే కుదిరాయి. గుండె మాత్రం చెన్నైలో ఒకరికి సరిపోయింది.

"సెన్నై అంటే సానా దూరం కదా మేడం? రైలెక్కితే తెల్లారిపోతాది."

"విమానంలో అమ్మా. గంటా పావు."

"ఒంట్లోంచి తీసీసినాక అంతసేపు బతికుంటాదేటి?"

బయటికి తీసిన గుండె దాదాపు నాలుగు గంటల్లోపు మరొకరి ఒంట్లో కొట్టుకోవాలి. ఆ వ్యవధిని ఇస్కీమిక్ టైమ్ అంటాం. ఎయిర్‌పోర్టుకు వెళ్ళే దారి, విమానం, అక్కడి ట్రాఫిక్, కుట్టడానికి పట్టే సమయం, అన్నీ విడమరచి చెప్పాను.

"సరిపోతాది," అంది. "సేరినాక నాకొక్క మాట సెప్పండి. కొట్టుకుంతందని సెప్తే సాలు."

చెప్తానన్నాను.

గుండెను తీసి పట్టుకెళ్ళడానికి చెన్నై సర్జన్లు చిన్న విమానంలో బయలుదేరారు. ఇక్కడ కుండపోత. రన్‌వే కనిపించక విమానం పైనే తిరిగి తిరిగి, దిగలేక వెనక్కి వెళ్ళిపోయింది. ఇంకా ఆగుదామంటే అప్పలరాజు బీపీ మందులకు కూడా నిలబడడం లేదు. ఆలస్యమైతే మిగతా అవయవాలూ దక్కవు. గుండెను వదిలేసి కాలేయం, కిడ్నీలు తీశారు.

"ఆవిడకిప్పుడు చెప్పడం అవసరమా? ఇచ్చామన్న తృప్తయినా మిగలనీ," అన్నారు పెద్ద డాక్టరుగారు. ఆయన జాలితోనే అన్నారు. కానీ గుండె సంగతి చెప్పమని నన్ను అడిగింది గౌరి, చెప్తానని మాటిచ్చింది నేను.

దేహాన్ని అప్పగించేచోట ఆమె పక్కన కూర్చున్నాను. "విమానం దిగలేదు గౌరీ. గుండె పంపలేకపోయాం."

"పాడైపోనాదా?"

"లేదు. తియ్యలేదు. ఆయనలోనే ఉంది."

తెల్లగుడ్డ మీద, భర్త ఛాతీపై అరచెయ్యి ఆనించింది. అప్పటిదాకా కళ్ళు తడవని మనిషి అప్పుడు ఏడ్చింది. చాలాసేపటికి తేరుకుని అడిగింది.

"సెన్నైలో ఉన్నోలు ఎదురు సూత్తంటారు కదా మేడం. ఆలకేటి సెప్పినారు?"

"ఇంకో గుండె దొరికేదాకా ఆగమన్నారట."

"పాపం," అంది, చెయ్యి తియ్యకుండానే.

ఇవ్వడానికి ముందుకొచ్చినవాళ్ళు నిజాన్ని కూడా మోయగలరని నాకు తెలిసింది ఆ రోజే. అప్పటినుంచి ప్రతి కుటుంబానికీ దూరం ఎంతో, ప్రయాణం ఎంతసేపో చెప్పి, విమానం రాకపోవచ్చని కూడా చెప్తున్నాను. అది వింటే ఒప్పుకున్నవాళ్ళు వెనకడుగు వేస్తారని మావాళ్ళు భయపడ్డారు. ఇంతవరకు ఒక్కరూ వెయ్యలేదు.