అరచేతిలో కౌంటీ

తెలివితక్కువ నాదే. రేపల్లె స్టేషన్లో టిక్కెట్ల వరసలో మా బడి జాగ్రఫీ మాస్టారు "మా కౌంటీలో జనం తక్కువండి" అంటే, కౌంటరనుకుని "ఎటువైపండీ?" అని ఆశగా అడిగాను.

అమెరికా వైపట. కౌంటీ అంటే అక్కడి జిల్లా. మిషన్ వాళ్లు పంపితే ఆ పల్లెల్లో ఏడాది ఉండొచ్చారాయన. ఇద్దరం తెనాలిలో దిగాల్సినవాళ్లమే. పొద్దంతా పిల్లల మీద అరిచి అలిసిన నాకు ఆ రైల్లో కునుకే ఆధారం. ఆనాటితో అదీ పోయింది. ఆయన రోజూ అరచేయి చాపేవారు. ఆయుష్షు గీత ఏరు, బొటనవేలి మిట్ట కొండ, మిగతాదంతా మొక్కజొన్న.

"మొదట జర్మనీ వాళ్లొచ్చి అడవి కొట్టారండి. ఇప్పటికీ మనుషులకంటే పందులే ఎక్కువ. వింటున్నారా?"

"వింటున్నానండి," అనేవాణ్ణి, రెప్పలు వాలిపోతుంటే.

ఒకనాడు ముందుగా నేనే అందుకున్నాను. "మా అత్తారి కొలకలూరులో అయితేనండీ..." అంటూ కాలవలు, వీధులు, ఇంటిపేర్లు ఏకరువు పెట్టాను. వేమూరు దాటేసరికి మాస్టారు గుర్రు పెట్టారు.

తెనాలి వచ్చింది. ఆయన అరచేయి ఒళ్లో తెరుచుకునే ఉంది. లేపబోయి, ఆగి, చప్పుడు కాకుండా దిగిపోయాను. ఆ బండి కొలకలూరు మీదుగా గుంటూరు పోతుంది. మా కౌంటీ కూడా ఓసారి చూసొస్తారులే అనుకున్నాను.