మగ్గం ఫోటోలకి షరతు వద్దన్న మునిరత్నం

నిన్న పొద్దున నగరి బస్టాండులో ఉంటే ఫోన్ వచ్చింది. మునిరత్నం వాళ్ళ స్కూల్ సారు. "మునిరత్నం పోయినాడన్నా. హార్ట్ ఎటాక్."

ఏ మునిరత్నం అని అడిగినాను.

తెలిసే అడిగినాను.

మీలో శానామందికి తెలీదు. తిరుపతిలో టీచర్. సాయంత్రమైతే నెట్ సెంటర్లో కూర్చుని, ఎవురైనా ఊరికే చదువుకునే ఒక తెలుగు విజ్ఞాన సర్వస్వానికి వ్యాసాలు టైపు చేసేవాడు. జీతం లేదు.

మా నాయన మగ్గం నేస్తా ఉండంగా నేను తీసిన ఫోటోలు సీడీలో వేసి ఆయనకి పంపించినాను. ఒకటే షరతు. చదువుకునేదానికి సరే, వ్యాపారానికి ఎవురూ వాడకూడదు.

వద్దని ఒక మెయిల్ పెట్టుంటే సరిపోయేది. బస్సెక్కి నగరికి వచ్చినాడు మనిషి.

"ఈ షరతుతో మా దాంట్లో పెట్టలేనబ్బా. ఆడుండేది ఎవురైనా దేనికైనా వాడుకునేట్టు ఉండాల. తీసెయ్."

"ఎవుడో షావుకారి మా నాయన మొగాన్ని కేలెండర్ మీద ఏసుకుంటే?"

"ఏసుకోవచ్చు. కాదనను." తల వంచుకున్నాడు. "కానీ పల్లెల్లో నెట్ యాడుండాది? ఎవురో ఒకరు అచ్చేసి అమ్మితేనే కదా ఆడికి పోయేది."

మా నాయన మీద నీకేం హక్కని అరిచినాను.

కాఫీ తాగకుండానే పోయినాడు. రెండేండ్లు మాటల్లేవు.

పోయిన నెల అమ్మకి చెయ్యి విరిగితే కట్టు కట్టించేదానికి పుత్తూరు పోయినాం. పక్కన ఒకామె కూతురికి పుస్తకం చదివి వినిపిస్తా ఉండాది. జిరాక్స్ తీసి కుట్టిన పుస్తకం అది, సంతలో కొన్నారంట. నేత గురించి. అడుగున మునిరత్నం పేరు. నెట్‌లో ఆయన రాసిన వ్యాసమే, ఎవురో అచ్చేసి అమ్మినారు.

ఒక్క ఫోటో లేదు. పడుగు ఎట్లుంటుందో, పేక ఎట్ల పోతుందో, అంతా మాటల్లోనే చెప్పినాడు పాపం.

"అంటే ఎట్లుంటుందిమా?" అని ఆ పాప అడగతానే ఉండాది. వాళ్ళమ్మకి చెప్పను రాలేదు.

ఫోటోలన్నీ మా ఇంటి బీరువాలో ఉండాయి.

ఆ రోజే ఫోన్ చేసుండాల్సింది. ఆదివారం తిరుపతికి పోయి మొగం చూసి చెప్తాంలే అనుకున్నా.

ఆదివారాలు పోయినాయి.

నిన్న తిరుపతికి పోతే మునిరత్నం వాళ్ళావిడ నన్ను చూసి, "ఆయనకి నీ మీద కోపం లేదన్నా. వాళ్ళ నాయన కదా, నేనే మెల్లగా చెప్పుండాల్సింది అనేవాడు" అనింది.

ఇంటికొచ్చి బీరువా తెరిచినాను.

ఈ రోజు ఫోటోలన్నీ ఆయన రాసే ఆ సర్వస్వంలోకి అప్‌లోడ్ చేసినాను. వ్యాపారం షరతు తీసేసినాను. కేలెండర్ భయం మాత్రం ఇంకా పోలేదు, నిజం చెప్పాలంటే.

అయినా నువ్వు చెప్పింది సరేనబ్బా. ఈ మాట నీ ఎదురుగా అనాల్సింది.

పోయిరాప్పా మునిరత్నం. యాడున్నా నిమ్మళంగా ఉండు.