ఇద్దరికి పట్టే జారుడుబల్ల

2023లో, వానలు తగ్గిన రోజుల్లో, ముంబై దగ్గరి భివండి పద్మనగర్‌లోని నా కొట్టుకు రజిత వచ్చింది. నేను మగ్గాల వడ్రంగిని. పికింగ్ స్టిక్, అంటే పోగు మోస్తూ మగ్గంలో అటూ ఇటూ ఉరికే షటిల్‌ను తన్నే కట్టె. స్లే, అంటే ఆ షటిల్ ఉరికే పలక. ఇవే నా పని. జన్మంతా తన్నే కట్టెలు చేసినవాణ్ని ఆటసామాను అడిగిన మొదటి మనిషి ఆమే.

రజిత పక్కనే ఉన్న పూర్ణ అనే ఊళ్లో గోదాములో పార్సిళ్లు కడుతుంది. భర్తది మగ్గం మీద రాత్రి పాళీ, పగలు నిద్ర. మగ్గాల మోతలో నిద్రపోయే ఆ మనిషి బిడ్డ దగ్గితే లేస్తాడు. అందుకని ఆ ఎండాకాలమే సొంతూరి నుంచి తెచ్చుకున్న కూతురు శ్రీజ, బడి నుంచి రాగానే గడపలో గప్‌చుప్‌గా కూర్చుంటుంది. వాళ్లుండే వరస గదుల చాళీలో పిల్లలు ఆడేది హిందీలో. ఈ పిల్లకు రాదు.

"కాకా, వాకిట్ల జారుడుబల్ల పెడితే పోరగాండ్లే ఒస్తరు. నా బిడ్డకు జత దొరుకుతది."

"నాకు మగ్గాల పనే ఎరుక బిడ్డా. పోరగాండ్లను నేసి పెడ్తనేమో!"

"నేసినా మంచిదే. గట్లనన్న నలుగుర్ల కలుస్తది."

గోదాములో పారేసే చెక్కతో కాళ్లు, నిచ్చెన చేశాను. షటిల్ ఉరికి ఉరికి అద్దంలా నునుపైన పాత స్లే పలకలను పక్కపక్కన అతికి బల్ల చేశాను. అటూ ఇటూ అంచులు కట్టాను.

శుక్రవారం మగ్గాలు బంద్. ఆ రోజే వాకిట్లో నిలబెట్టాం. పిల్లలు బారులు తీరారు. శ్రీజ ఎక్కింది, పైన కూర్చుంది, అంచులు పట్టుకుంది. జారలేదు.

"అరే, జల్దీ ఉతర్ నా!" తొందరగా దిగమని వెనక నుంచి కేకలు.

నిచ్చెన మీది నుంచే దిగి ఇంట్లోకి పోయింది. నా బల్ల మీద జారిన వాటిలో నా పరువు కూడా ఒకటి.

"అందరి పిల్లలకు పనికొచ్చింది కాకా, నా పిల్లకు తప్ప," అంది రజిత.

గడప దగ్గరికి పోయి అడిగాను. "ఏందే, భయమైతుందా?"

"ఊర్ల అక్క పక్కన కూసుంటుండె. ఒక్కదాన్నే ఎట్ల జారాలె తాతా?"

అప్పుడు తెలిసింది. మగ్గం పనిలో షటిల్‌కు ఎంత కావాలో అంతే దారి. సందు ఎక్కువైతే ఎగిరి ఎవరి కన్నో పొడుస్తుంది. ఆ అలవాటుతో బల్లను ఒక్క పిల్లకే సరిపోయేట్టు బిగించాను. నేనూ ఒక్కణ్నే కదా. ఇల్లాలు పోయినప్పటి నుంచి నా చేతికి ఒకరి కొలతే వస్తోంది.

బల్లను కొట్టుకు తెచ్చి, అంచు విప్పి, ఇంకొన్ని పలకలు అతికాను.

మళ్లీ శుక్రవారం. శ్రీజ ఎక్కి ఒక పక్కకు ఒదిగి కూర్చుంది. పక్కన ఖాళీ. ఎవరూ ఎక్కలేదు. మగ్గాలు లేని నిశ్శబ్దంలో రజిత గాజుల చప్పుడు కూడా నాకు వినబడుతోంది. అప్పుడు పక్క గది పిల్ల సనా నిచ్చెనెక్కి, "థోడా సరక్ నా," అంది. మాట తెలియకపోయినా శ్రీజ జరిగింది. ఇద్దరూ చేతులు పట్టుకుని కిందికొచ్చారు. కిందపడి నవ్వుకోవడానికి హిందీ అక్కరలేదు.

కొలత తీసేముందు ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారో అడగాలని ఆ పని నేర్పింది. ఆ తరువాత కొట్టులో నా పీట కూడా ఇద్దరికి పట్టేట్టు చేసుకున్నాను. సగం ఖాళీగానే ఉంటుంది. అక్కడ పనిముట్లు మాత్రం పెట్టను.