ప్రజ్ఞాపూర్ దగ్గర ఆగిపోయిన డోలు

మా పక్కింటి చిచ్చా మొన్న శుక్రవారం మధ్యాహ్నం సిద్దిపేట దవాఖానాలో చనిపోయారు. కొంతకాలంగా మూత్రపిండాల జబ్బు. చుట్టరికం లేకపోయినా మా వీధిలో అందరికీ ఆయన చిచ్చాయే. ఊరికి ఆయన షర్టులు, పైజామాలు కుట్టే దర్జీగా తెలుసు. కొన్నేళ్లపాటు ఆదివారం మధ్యాహ్నాలు హైదరాబాద్‌లోని ఒక రేడియో స్టేషన్ నుంచి జాజ్ సంగీతం వినిపించిన మనిషి కూడా ఆయనేనని ఇప్పటి పిల్లలకు తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను.

దర్జీకి జాజ్ ఎక్కడిదని చాలామంది అడిగేవాళ్లు. వయసులో ఉన్నప్పుడు ఆయన సికింద్రాబాద్‌లో పెళ్లిళ్ల బ్యాండులో క్లారినెట్ వాయించారు. ఆ బ్యాండు మాస్టరు గోవా మనిషి. బరాత్ లేని రోజుల్లో తన గదిలో అమెరికా నల్లజాతి వాద్యకారుల రికార్డులు పెట్టేవాడట. తర్వాత ఊపిరి చాలక చిచ్చా క్లారినెట్ వదిలేశారు. వినడం వదల్లేదు.

ఆయన కార్యక్రమంలో ప్రతి వారం విదేశీ రికార్డు ఒకటి, దాని పక్కన మన చప్పుడు ఒకటి ఉండేవి. ఒక వారం చప్పట్లు మాత్రమే వినిపించారు. ఖవ్వాలీ చప్పట్లు, బతుకమ్మ చప్పట్లు, చర్చిలో పాటకు కొట్టే చప్పట్లు, వాటి నడుమ ఒక శాక్సొఫోను. జాజ్ అంటే ఏమిటని నేను అడిగితే, రేడియోలో చెప్పే మాటే పైజామాకు నాడా ఎక్కిస్తూ నాకూ చెప్పారు.

"ఎరుకున్న పాటనే ఎరుక లేనట్టు వాయించుడు బేటా. మీ బాపు ఒక్కోసారి రోడ్డు ఇడిచిపెట్టి చేన్ల పొంటి నడిచి ఇంటికొస్తడు సూడు, గట్ల. ఇల్లు గదే, తొవ్వ వేరు."

పాట ముగిసిన వెంటనే ఆయన మాట్లాడేవారు కాదు. కాసేపు నిశ్శబ్దం. రేడియోలో అది తప్పు, స్టేషన్‌లో మందలించేవారు. "బుక్క నోట్లనే ఉండంగ ముందలి ఇస్తరాకు గుంజుకుంటమా?" అనేవారు చిచ్చా.

ఇంట్లో ఆయన భార్యది, మా చాచీది, వేరే ఫిర్యాదు. కుట్టు మిషన్ పెడల్ మీద ఆయన కాలు దరువు వేసేది. "నువ్వు గట్ల తొక్కితే కుట్టు వంకర పోతది. గిరాకీలు పైజామా తొడుక్కోవాలెనా, ఎగరాలెనా?" అని ఆమె లోపలి నుంచి కేకేసేది. "రెండూ చెయ్యాలె" అనేవారు ఈయన.

నారాయణరావుపేట బీరయ్య ఒగ్గు కథల్లో డోలు వాయిస్తాడు. షర్టు కుట్టించుకోవడానికి వచ్చి, మిషన్ దరువు విని, తొడ మీద వేళ్లతో జవాబు ఇచ్చాడట. స్నేహం అక్కడ మొదలైంది. శాక్సొఫోను రికార్డు పక్కన బీరయ్య డోలు స్టూడియోలో ప్రత్యక్షంగా మోగాలని చిచ్చా పట్టుబట్టారు. బీరయ్య అడిగింది ఒక్కటే. "మా అవ్వ మంచంల పడ్డది. నేను ఊరూరు తిరుగుడే గని, నా డోలు ఆమె ఇననే లేదు. రేడియోల వస్తే ఇంటదా చిచ్చా?"

"ఎందుకినది? మంచం కాడనే మోగుతది" అన్నారు చిచ్చా.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. ఉద్యమ సభల్లో మోగే డోలు అనేసరికి స్టేషన్ అధికారికి అనుమానం వచ్చింది. పాట వద్దు, మాట వద్దు, వాద్యం మాత్రమే అని షరతు పెట్టాడు. చిచ్చా నెలల తరబడి తిరిగి ఆ మాత్రం ఒప్పించారు. ఈ మధ్యలోనే సిద్దిపేట దీక్షా శిబిరంలోనూ కూర్చునేవారు. మైకు అలవాటున్న మనిషి కాబట్టి ఆయన చేతికే ఇచ్చేవాళ్లు. రాస్తారోకో గురించి ఆయన అన్న మాట మా అందరికీ గుర్తు. "దవాఖాన బండి తప్ప ఏ చక్రం తిరగొద్దు. నా చుట్టమున్నా సరే, నేనున్నా సరే."

బీరయ్య వాయించాల్సిన ఆదివారం రానే వచ్చింది. రాస్తారోకో పిలుపు ముందురోజు సాయంత్రమే వచ్చింది. రోడ్డు మూయకముందే దాటిపోదామని ఇద్దరూ పొద్దున్నే బస్సెక్కారు. ప్రజ్ఞాపూర్ దగ్గర బస్సు ఆగిపోయింది. విలేకరిని కాబట్టి నేను వార్త కోసం అక్కడే ఉన్నాను.

కుర్రాళ్లు చిచ్చాను గుర్తుపట్టారు. "దీక్ష టెంటుల కూసోని చక్రం తిరగొద్దన్నది నువ్వే గదనే! ఇప్పుడు నీ బస్సే దొరికింది సూడు" అని ఒకడు నవ్వాడు. సంగతి విన్నాక అతడే దగ్గరికి వచ్చాడు. "గిది మన డోలు పని చిచ్చా. రెండు బండ్ల మీద మిమ్ములను చేన్ల పొంటి దాటిస్తం. ఎక్కున్రి."

చిచ్చా కొంచెంసేపు రోడ్డు వైపు చూశారు. "అందరికొక రూలు, నాకొక రూలా? వద్దు బిడ్డా. నేను పోను" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. డోలు భుజాన వేసుకుని బీరయ్య పక్కనే ఉన్నాడు. నీ సంగతేమిటని అతణ్ని ఎవరూ అడగలేదు.

కార్యక్రమం వేళకు చిచ్చా రోడ్డు పక్క హోటల్లో రేడియో పెట్టించుకుని విన్నారు. వేరే అనౌన్సరు పాత రికార్డులు వేశాడు. పాట ముగియగానే మాట్లాడాడు. బయట కుర్రాళ్లు అడిగితే బీరయ్య డోలు వాయించాడు. చాలాసేపు, బాగా వాయించాడు. జనం ఎగిరారు. అది నారాయణరావుపేటలో మంచం దాకా వినపడే దూరం కాదు.

ఆ తర్వాత చిచ్చాకు స్టేషన్ నుంచి పిలుపు రాలేదు. ఆ వేళకు వేరే కార్యక్రమం పెట్టారు. బీరయ్య తల్లి ఆ చలికాలంలోనే పోయింది. రాష్ట్రం వచ్చిన రోజు మా వీధి వాళ్లు మైకు ఇస్తే చిచ్చా తీసుకోలేదు. గొంతు బాగాలేదన్నారు. బాగానే ఉంది. మధ్యాహ్నం నాతో మాట్లాడారు.

ఏటా కొమురవెల్లి జాతర ముందు బీరయ్యకు ఒక షర్టు కుట్టి ఇచ్చేవారు. ఆ ఆదివారం మాట మాత్రం ఇద్దరి మధ్యా ఎప్పుడూ రాలేదట. ఈ ఎండాకాలం దవాఖానాలో రక్తం శుద్ధిచేసే మిషన్ పక్కన పడుకుని నాకు చెప్పారు.

"మాట నాది, నేను ఆగిన. బీరయ్య ఎందుకాగాలె? ఆయననన్న పొమ్మంటే అయిపోతుండె. చేన్ల పొంటి పోవాలెనని రేడియోల అందరికి చెప్పినోన్ని, ఆనాడు నేనే రోడ్డు ఇడవలే."

ఆ మాట బీరయ్యకు చెప్పవచ్చు కదా అన్నాను. "అవ్వ పోయినంక ఏం చెప్పాలె బేటా" అని అటు తిరిగి పడుకున్నారు.

శుక్రవారం సాయంత్రం ఖబ్రస్తాన్‌కు బీరయ్య వచ్చాడు. ఏదో ఊళ్లో కథకు బయల్దేరి, కబురు తెలిసి దారిలో దిగాడు. చిచ్చా కుట్టిన షర్టే వేసుకున్నాడు. భుజాన డోలు ఉంది కాబట్టి గేటు దగ్గరే ఆగిపోయాడు. లోపలికి రమ్మన్నాను.

"ఈడనే ఉంట సారు."

దవాఖానాలో చిచ్చా అన్న మాటలు అతనికి చెప్పాను.

"ఆనాడు అడిగితే ఏమందునో నాకే తెల్వది" అన్నాడు. "గని అడిగితే మంచిగుండేది."

లోపల మట్టి పోస్తున్నారు. ఖబ్రస్తాన్ ముందు రోడ్డు మీద బస్సులు, లారీలు ఆగకుండా పోతున్నాయి. లారీ పోయిన ప్రతిసారీ ఆ అదురుకు డోలు తనంతట తానే సన్నగా మోగుతోంది. బీరయ్య దాన్ని దించి కడుపుకు ఆనించుకున్నాడు. చర్మం మీద అరచెయ్యి పరిచి, చప్పుడు రాకుండా పట్టుకుని నిలబడ్డాడు.