దీని జోడీ ఏది?

నా తెలివి సంగతి ముందే ఒప్పుకుంటాను. అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో కార్ల బ్రేకులు డిజైన్ చేసే నేను, నా సైకిల్ షూ దగ్గర సడన్ బ్రేక్ కొట్టినట్టు ఆగిపోయాను. దానికి లేసులుండవు, డయల్ తిప్పితే సన్నటి తీగ బిగుస్తుంది. ఎడమ షూ తీగ తెగితే కొత్తది తెప్పించాను. పాతది ఏ దారిన పోయిందో చూడకుండానే లాగి పారేశాను. మర్నాడే మా సైకిల్ బృందంతో నా మొదటి యాభై మైళ్ల రైడ్!

పక్కింటాయన తండ్రి మా గరాజ్ ముందు ఆగారు. బస్ డిపోలో మెకానిక్‌గా రిటైరై, కొడుకు దగ్గర ఆర్నెల్లుండటానికి వచ్చి, పొద్దుపోక తిరుగుతుంటారు.

"దీని జోడీ ఏది బిడ్డా?"

హెడ్‌లైట్ పోయినా, స్టవ్ బర్నర్ వెలగకపోయినా ఆయన మొదటి ప్రశ్న అదే.

"అది బాగానే ఉందంకుల్. పాడైంది ఇదీ."

"అందుకే అడుగుతున్న. మంచిదాన్ని చూస్కుంట దీనికి ఎక్కియ్యి. కంపెనోడు రెండు ఎందుకిచ్చిండనుకున్నవ్?"

రెండు కాళ్లున్నందుకని మనసులో అనుకున్నాను. కుడి షూని ఎదురుగా పెట్టుకుని, ఆయన చెప్పినట్టే తీగ ఎక్కించాను. డయల్ టిక్కుటిక్కుమంటూ బిగిసింది.

"మా డిపోల అయితే నీకు బస్సులు కడిగే పని ఇద్దురు," అని నవ్వుకుంటూ వెళ్లారు.

యాభై మైళ్లూ తొక్కేశాను. ఆ మాటకి మాత్రం పగ తీర్చుకోవద్దూ? రైడ్ తర్వాత కాఫీ తాగుతూ, బృందంలో అందరికీ ఆయన గొప్పతనం చెప్పాను. శనివారం పొద్దున్నే ఆయన వాకిట్లో తీగలు తెగిన షూలతో మా బృందంలోని ఐదుగురు నిలబడ్డారు. ఆయన నా వైపు గుర్రుగా చూసి, చొక్కా చేతులు పైకి మడుచుకున్నారు.