ఉప్పు మార్చి వండిన వెంకాయమ్మ

పర్చూరు చుట్టుపక్కల ఏ ఇంట్లో శుభకార్యమైనా వంటకి ముందు వెంకాయమ్మకే కబురెళ్లేది. ఆమె గోంగూర పచ్చడి కోసమే పక్క ఊళ్ల నుంచి భోజనాలకు వచ్చేవాళ్లుండేవారు. ఎవరైనా మెచ్చుకుంటే సిగ్గుపడే రకం కాదు. "బాగుండక ఏమవుద్ది, చేసింది నేను కదా" అనేది.

అలాంటి మనిషి, కోడలికి థైరాయిడ్ క్యాన్సరని తేలాక పొయ్యి దగ్గరికి వెళ్లడానికే భయపడింది.

కోడలు అనూష బడిలో లెక్కల టీచరు. ఆమె మెడ మీద చిన్న గడ్డను తోటి టీచరు గమనించి చెప్పింది. గుంటూరులో పరీక్షలు చేసి, ఆపరేషన్ చేసి గ్రంథి మొత్తం తీసేశారు. పలకరించడానికొచ్చిన పక్కింటి మల్లేశ్వరి మంచం పక్కన కూర్చుని, "అన్నేసి కారాలూ, నిలవ పచ్చళ్లూ తింటే గొంతుకి రాక ఎక్కడికొస్తుంది వదినా? క్యాబేజీ కూడా మంచిది కాదంట, ఫోన్లో చూశా" అంది.

మల్లేశ్వరి మనసులో చెడు లేదు. కానీ కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఆ పిల్లకి వండిపెట్టింది వెంకాయమ్మే. ఆ సాయంత్రమే పచ్చడి జాడీలన్నీ అటకెక్కించింది. ఒప్పుకున్న పెళ్లి వంట వద్దని చెప్పేసింది. ఇంట్లో చప్పిడి కూరలు మొదలయ్యాయి. కొడుకు శివనాగరాజు ఎంత చెప్పినా వినలేదు.

తర్వాత అనూషని ఆసుపత్రికి తీసుకెళ్లినప్పుడు వెంకాయమ్మా బస్సెక్కింది. డాక్టర్ రచన ఎదుట కూర్చుని సూటిగా అడిగింది.

"నేను పెట్టిన తిండి వల్లే వచ్చిందా అండీ? ఉన్నదున్నట్టు చెప్పండి, తట్టుకుంటాను."

డాక్టరు చేతిలో కాగితాలు పక్కన పెట్టింది. "ఏం పెట్టేవారమ్మా?"

వెంకాయమ్మ ఏదీ దాచకుండా చెప్పింది.

"వీటివల్లే వచ్చిందనడానికి ఆధారం లేదమ్మా" అంది డాక్టరు. "అయోడిన్ మరీ తగ్గినా, మరీ ఎక్కువైనా థైరాయిడ్‌కి ఇబ్బందే. దానికీ క్యాన్సర్‌కీ ఎంత సంబంధముందో ఇంకా తేల్చే పనిలోనే ఉన్నారు. క్యాబేజీ వండుకుని మామూలుగా తింటే భయం లేదు. ఒళ్లు బాగా పెరిగినా, చిన్నతనంలో మెడకి రేడియేషన్ తగిలినా ముప్పు ఎక్కువ. చాలామందికి ఎందుకొచ్చిందో మేమూ చెప్పలేం. మీ పచ్చడి మీద మాత్రం నేరం మోపను."

వెంకాయమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"కానీ ఇప్పుడు మీతో పని పడింది. అనూషకి రేడియేషన్ ఉండే అయోడిన్ మందు ఇవ్వబోతున్నాం. అంతకుముందు రెండు వారాలు తిండిలో అయోడిన్ దాదాపు ఉండకూడదు. అప్పుడే ఆపరేషన్ తర్వాత మిగిలిన థైరాయిడ్ కణాలు మందుని బాగా పీల్చుకుని చచ్చిపోతాయి. అయోడిన్ కలిపిన ఉప్పు, సముద్రపు ఉప్పు, చేపలు, పాలు, పెరుగు, గుడ్డు పచ్చసొన వద్దు. బయటి తిండి అసలే వద్దు."

"కారం?"

"ఇంట్లో ఉప్పు లేకుండా కొట్టించుకున్నదైతే వేసుకోండి."

డాక్టరు చెప్పిన అయోడిన్ లేని ఉప్పు గుంటూరులోనే కొనుక్కుని ఇంటికొచ్చింది వెంకాయమ్మ. ఇంట్లో ఉన్న కల్లుప్పు, పచ్చళ్లు, వడియాలు అన్నీ మల్లేశ్వరి ఇంటికి పంపించింది. వాడరేవు నుంచి వచ్చే చేపలావిడ గుమ్మం ముందు కేకేస్తే చెయ్యి ఊపి పంపేసింది.

ఆ రెండు వారాలూ అనూషకి నరకంగానే గడిచాయి. గ్రంథి తీసేశాక రోజూ వేసుకుంటున్న థైరాయిడ్ మాత్రని మందుకి ముందు ఆపేశారు. లేస్తే నీరసం, కూర్చుంటే నిద్ర, ఎండలో కూడా చలి. కంచం చూస్తేనే మొహం తిప్పుకునేది.

వెంకాయమ్మ బతిమాలలేదు. పూటపూటకీ వేడివేడిగా చేసింది. గోంగూర వేయించి, పండుమిరపకాయలు, వెల్లుల్లి, ఆ కొత్త ఉప్పు వేసి రోట్లో నూరింది. పెరుగు లేని లోటు తెలియకుండా పల్చటి చారు కాచింది. ఇంట్లో అందరికీ అదే వంట పెట్టింది.

"మాకెందుకమ్మా ఈ పత్యం?" అన్నాడు శివనాగరాజు.

"అదొక్కతే వేరే తింటే రోగిష్టిననుకుంటది. నోరు మూసుకుని తిను."

అనూష ఓ ముద్ద నోట్లో పెట్టుకుని ఆగింది. "అత్తయ్యా, ఇంకొంచెం వెయ్యండి."

వెంకాయమ్మ వడ్డించింది. వంటింట్లోకి వెళ్తూ కొడుకు వైపు చూసి కనుబొమలెగరేసింది.

మందిచ్చాక అనూషని ఆసుపత్రిలో విడిగా ఒక గదిలో ఉంచారు. ఒంట్లో రేడియేషన్ తగ్గేదాకా ఎవరినీ పక్కన ఉండనివ్వలేదు. ఆ తర్వాత తీసిన స్కానింగ్‌లో క్యాన్సర్ జాడ కనిపించలేదు. పరీక్షలకి వస్తూ ఉండాలనీ, మాత్ర మానకూడదనీ డాక్టరు గట్టిగా చెప్పింది. పత్యం ఎలా చేయగలిగావని నర్సు అడిగితే, "మా అత్తయ్య వంటండీ, పత్యంలా అనిపిస్తేగా" అంది అనూష. వరండాలో ఉన్న వెంకాయమ్మ ఆ మాట విని పమిట సర్దుకుని నిటారుగా కూర్చుంది.

పక్కన కూర్చున్న, చీరాల నుంచి వచ్చిన కరీమున్ కూడా ఆ మాట విని లేచి వచ్చింది. తన కూతురికీ ఇదే వైద్యమనీ, పిల్ల ఏమీ తినడం లేదనీ చెప్పుకుంది.

"పత్యం ఎప్పుడు మొదలుపెట్టమన్నారు?" అని అడిగింది వెంకాయమ్మ.

"సోమవారం నుంచి."

"ఆదివారం సాయంత్రానికి మీ ఇంట్లో ఉంటా. గోంగూర మాత్రం లేతది తెప్పించు."