ఆపుకున్న దగ్గు

కింది వాటాలో ఎవరో పోపులో ఎండుమిరపకాయలు మాడ్చారు. ఆ ఘాటు మెట్లెక్కి మా ఇంట్లోకి రాగానే పిల్లలు దగ్గుతూ బాల్కనీలోకి పరుగెత్తారు, మా ఆయన కిటికీలన్నీ తెరుస్తూ కింది వాళ్లను తిట్టుకున్నాడు. నేను మాత్రం కూర్చున్న చోటే ఊపిరి బిగబట్టి, కళ్లలో నీళ్లు తిరుగుతున్నా దగ్గకుండా ఉండిపోయాను. దీన్ని తొమ్మిదేళ్ల వయసులో నేర్చుకున్నాను. నలభైకి దగ్గర పడుతున్నా మరిచిపోలేకపోతున్నాను.

మా ఊరు కోహీర్ దాటాక వస్తుంది. వాన పడితే కాళ్లకు పట్టుకుని చెప్పులు ఊడదీసే ఎర్రమట్టి, తోటల్లో చిలకలు కొట్టి పడేసిన జామకాయలు, చలి మొదలవగానే అల్లం తవ్వే కూలీల పాటలు, చెరుకు బండ్ల వెనక పరుగెత్తి గడలు గుంజుకుని నోరు కోసుకునేదాకా నమిలిన సాయంత్రాలు, జొన్న పాలకంకులు కాల్చి చాటలో నలిపి, బెల్లం ముక్కతో పిడికెళ్లకొద్దీ బుక్కిన ఊసబియ్యం, అన్నీ ఆ మట్టివాసనతోనే గుర్తొస్తాయి. కోతలయ్యాక ఆ మట్టినే దున్ని, రాళ్లేరి, నీళ్లు చల్లి, సున్నంతో గీతలు గీసి కబడ్డీ బరి చేసేవాళ్లు. ఆ బరిలో ఎడమ మూల మా నర్సింహులు కాకది.

కాక మా నాన్నకు తమ్ముడు. పొట్టిగా, గట్టిగా ఉండేవాడు. కూతకు వెళ్లే వాళ్లకే చప్పట్లన్నీ దక్కే ఆటలో అతనికి కూత మీద ఆశే లేదు. మూలన వంగి నిలబడి, వచ్చినవాడి కళ్లు చూడకుండా మడమలే చూస్తూ, ఆ మడమ ఒక్క జానెడు దగ్గరికొస్తే చాలు, ఒంటినంతా విసిరేసి పట్టేవాడు. పట్టు పడిందంటే వాడింక గీత దాటడు. బడి జట్టు నుంచి మండలానికి, మండలం నుంచి జిల్లాకు ఆ పట్టే అతన్ని మోసుకెళ్లింది. ఇంటికొచ్చాక మోచేతుల గాయాలకు నాయినమ్మ పసుపు రాస్తుంటే, పక్కన కూర్చుని ఏ గాయం ఏ ఊరిదో అడిగి తెలుసుకోవడం నాకు పెద్ద సరదా.

ఆ ఏడు జహీరాబాద్‌లో పెద్ద పోటీలు పెట్టారు. ఫైనల్లో బాగా ఆడినవాళ్లను రాష్ట్ర క్యాంపుకు తీసుకుంటారని, అక్కడ నిలబడితే ఆటగాళ్ల కోటాలో కొలువు కూడా వస్తుందని ఊరంతా అనుకున్నారు. నన్ను ఫైనల్‌కు తీసుకెళ్తానని కాక మాటిచ్చాడు. ఆ సంగతి నేను మా తరగతిలో చెప్పని పిల్ల లేదు.

సెమీఫైనల్లో ఒక మోకాలు కాక కణతకు తగిలింది. లేచి ఆడాడు, గెలిచారు, కానీ ఇంటికొచ్చే బస్సులో రెండుసార్లు వాంతి చేసుకున్నాడట. ఇంట్లో నన్ను మా మేనత్త పేరు పెట్టి పిలిచాడు. స్కోరెంత అని నాన్నను మూడుసార్లు అడిగాడు. దెబ్బ సంగతి ఎవరూ ఎత్తలేదు. అన్ని వందల కళ్ల ముందు ఆడి వచ్చాడు, దిష్టి తగలక ఏమవుతుందన్నారు.

మా ఇంట్లో దిష్టికి ఒక పరీక్ష ఉండేది. పొద్దుగూకే వేళ పీట మీద కూర్చోబెట్టి, ఉప్పు, ఎండుమిరపకాయలు మూడుసార్లు తిప్పి తీశాక, ఆ మనిషి కాళ్లు కడుక్కుని వెనక్కి చూడకుండా లోపలికి పోవాలి. అప్పుడు మిరపకాయలు పెరట్లో పొయ్యిలో వేస్తారు. ఘాటు రాకపోతే దిష్టే, పోయింది, మనిషికి ఏ ఫికరూ లేదు. గొంతు పట్టేసేలా ఘాటొస్తే అది దిష్టి కాదు, ఒంట్లో ఇంకేదో ఉంది, దవాఖానకు పోవాలి. ఏళ్ల తరబడి నశ్యం పీల్చి నాయినమ్మ ముక్కు ఎప్పుడో చచ్చిపోయింది, ఇక ఆమె దగ్గంటారా, పొద్దస్తమానం ఉండేదే కాబట్టి లెక్కలోకి రాదు. అందుకే పొయ్యి దగ్గర తన పక్కన నన్ను కూర్చోబెట్టుకునేది. మా ఇంట్లో తీర్పు చెప్పే ముక్కు నాది.

మిరపకాయలు నిప్పుల మీద పడ్డాయి. నల్లబడి, ఉబ్బి, పగిలాయి. ఆ పొగ గొంతులోకి దిగిన క్షణం నాకు తెలిసింది, ఇది ఘాటేనని, తెల్లారి ఫైనల్ రోజున కాకను బస్సెక్కించేది ఆటకు కాదు, దవాఖానకని. పరికిణీ అంచు నోట్లో కుక్కుకుని ఊపిరి ఆపాను.

"ఘాటొస్తుందా బిడ్డ?" అంది నాయినమ్మ.

నేను తల అడ్డంగా ఊపాను. ఆమె రెండు చేతులూ జోడించి దేవుడికి మొక్కుకుంది. నేను జొన్నల గుమ్మి వెనక్కి పోయి, పరికిణీ అంచే మూతికి అడ్డం పెట్టుకుని, కడుపు నొప్పి పుట్టేదాకా దగ్గాను.

ఫైనల్లో కాక పట్టిన చివరి పట్టు ఇప్పటికీ చెప్పుకునే ముసలివాళ్లున్నారు. గింజుకుంటున్నవాడి మడమ అదే కణత మీద తగిలినా అతను వదల్లేదు. ఈల మోగింది, మనవాళ్లు గెలిచారు. కాక లేచి, మట్టి దులుపుకుని, నేరుగా వెళ్లి ఓడిపోయిన జట్టు వరసలో నిలబడ్డాడు. జనం పగలబడి నవ్వారు. నేను కూడా నవ్వాను.

క్యాంపుకు వెళ్లాడు, రెండేళ్లు రాష్ట్రానికి ఆడాడు. వచ్చిన ప్రతిసారీ మాట ఒకింత తగ్గి, కోపం ఒకింత పెరిగి వచ్చేవాడు. ఒకరోజు బరిలో ఎటువైపు నిలబడాలో తెలియక మధ్యగీత మీద ఆగిపోయాడు, అంతటితో అతని ఆట ముగిసింది. కొలువు రాలేదు, పెళ్లి కాలేదు. చాలా ఏళ్లకు హైదరాబాద్ డాక్టరు పాత సంగతులన్నీ విని, మొదటి దెబ్బకు కొన్ని వారాలు పడుకోబెట్టి ఉంటే బాగుండేది, అది మానకముందే రెండోది తగిలింది, అసలు నష్టం అక్కడే మొదలైనట్టుంది అన్నాడు. నాన్న ఖర్మ అన్నాడు. నాయినమ్మ అప్పటికే పోయింది, తన పరీక్ష తప్పలేదని తెలియకుండానే. నేను నోరు తెరవలేదు.

ఇప్పుడు ఆ బరి మీద ప్లాట్ల రాళ్లు పాతారు. ఆట లైట్ల కింద, రబ్బరు చాపల మీదికి పోయింది. దెబ్బ తగిలితే డాక్టరు పరుగెత్తుకొస్తాడు, టీవీలో అది చూసినప్పుడల్లా నాకు ఏడుపొస్తుంది. కాక మా ఇంట్లోనే ఉంటున్నాడు. నా పేరు కొన్నిరోజులు తెలుస్తుంది, కొన్నిరోజులు తెలియదు.

తెలియని రోజుల్లో అతనికి ఈ కథ చెబుతుంటాను, ఎవరిదో కథలాగా. ఒక ఆటగాడు ఉండేవాడనీ, ఒక పిల్ల దగ్గు ఆపుకుందనీ. అతను ప్రతిసారీ కొత్తగా, శ్రద్ధగా వింటాడు. నిన్న కూడా అంతా విని నా చేయి తట్టాడు.

"పాపం, చిన్న పోరి. దానికేమెరుక? దాన్ని ఎవలు ఏమనొద్దు," అన్నాడు. "గా ఆటగాడు ఇప్పుడెట్లున్నడు బిడ్డ?" అని అడిగాడు.

మంచిగనే ఉన్నాడని చెప్పాను.